తల తిప్పిన నీడ

"బాడీ పోయింది" అని ఫోనొచ్చింది. కానిస్టేబుల్ శవమనుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ మెంగ్ సుక్‌హీ మధ్యాహ్నం 1.35కు బూసాన్ రేవులోని షూటింగ్ గోదాములో దిగింది. వెనకే అంబులెన్స్.

శవం లేదు. 12.40 తర్వాత మాయమైంది కెమెరా. లోపల నిన్నటి రీలు. ఎర్ర గొడుగు, నల్ల మెట్లు, వాన. ఆ డిటెక్టివ్ సినిమా మొత్తానికీ ప్రాణం ఆ ఒక్క షాటే. మెట్ల సెట్టు పొద్దున్నే విప్పేశారు. మళ్లీ తీయలేరు.

"కెమెరా గది కాపలా ఎవరిది?"

"నాదే మేడమ్," అన్నాడు దోహ్యన్. ఆ షాటు తీసిన అసిస్టెంటు కెమెరామన్. వయసు ముప్ఫై నాలుగు.

"12.40కి ఏం చేస్తున్నావు?"

"అందరూ భోజనానికెళ్లారు. ఒక్కణ్ణే సోజు సారా తాగుతున్నా. సూప్ కోసం వెళ్లొచ్చేసరికి లేదు."

"తాళం?"

"వెయ్యలేదు."

"ఇంకేం, జైలువాళ్లే వేస్తారు," అన్నాడు దర్శకుడు. అతనికి ముప్ఫై. యూనిట్లో మిగతావాళ్లు అంతకన్నా పిల్లకాయలు.

ఒక్క కెమెరామన్ నమ్‌గుంగ్ తప్ప. ఆయనకు అరవై రెండు. దోహ్యన్‌కు గురువు. నిన్నంతా శిష్యుడికి పొగడ్త, గురువుకు పొగ.

"పాపం, చెయ్యి మంచిదే. బుద్ధే..." అన్నాడాయన.

షూటింగ్ విశేషాలు తీసే మేకింగ్ వీడియో కెమెరా ఒకటి ఆ గదిలో ఆపకుండా వదిలేశారు. మెంగ్ అది వేసి చూసింది. అందులో పడింది గోడ, దానిమీద దోహ్యన్ నీడ, అంతే. 12.43కు గ్లాసు రెండు చేతులతో అందుకుంది. తల పక్కకు తిప్పి, చెయ్యి అడ్డం పెట్టుకుని తాగింది.

"చూశారా, ఒక్కడే," అన్నాడు దర్శకుడు.

"ఒక్కడే అయితే తల ఎవరికోసం తిప్పాడు? గోడకా?"

మెంగ్ వీడియో ఆపింది.

"పెద్దల ఎదుటేగా మన కొరియాలో అలా తల తిప్పి తాగేది. ఇక్కడ ఇతనికి పెద్దవారు ఎవరండీ?"

అన్ని తలలూ నమ్‌గుంగ్ వైపు తిరిగాయి. దోహ్యన్ తల మాత్రం నేలకు దిగింది.

"సార్‌ని ఏమీ అనకండి మేడమ్. నేనే..."

"నువ్వూరుకోరా." నమ్‌గుంగ్ ముందుకొచ్చాడు. "సోజు పోసిందీ, సూప్ తెమ్మని వీణ్ణి పంపిందీ నేనే. నలభై ఏళ్లు వెలుగు పట్టాను. 'సినిమా అంటే ఇదీ' అని నన్నెవడూ అనలేదు. వీణ్ణి ఒక్క షాటుకే అన్నారు."

లైట్ల పెట్టెలోంచి కెమెరా తీశాడు.

"మూత తీసి వెలుగు తగిలిస్తే చాలు, రీలు పోయేది. చేతులు రాలేదు. అంత బాగా తీశాడు వెధవ."

గోడమీది ఆ నీడే దోహ్యన్‌ను కాపాడే నీడైంది.

గుమ్మంలో స్ట్రెచర్‌తో అంబులెన్సువాళ్లు. "మేడమ్, బాడీ ఎక్కడ?"

మెంగ్ అందరికీ వినిపించేలా చెప్పింది. "పోయింది మనిషి బాడీ కాదు నాయనా, కెమెరా బాడీ. దొరికింది. ప్రాణం లోపలే ఉంది."