ముడులు విప్పమన్న గొంతు

చిల్లకల్లు దాటి జగ్గయ్యపేటకి తిరిగే దారిలో మూతపడ్డ సినిమాహాలు ఒకటుంది. పొద్దుగూకితే అటు చూడ్డానిక్కూడా జనానికి దడ. లోపల ఎవరో ఆడమనిషి ఏడుస్తుందట... అబద్ధమని కొట్టిపారేద్దామంటే, విన్నవాళ్ళు ఒకరా ఇద్దరా!

కిరాణా హోల్‌సేల్ ఉమాకాంతం మాత్రం కొట్టిపారేసేవాడు. మహా మొండిఘటం లెండి. కూతురు రాగసుధ సినిమాలకి గొంతిస్తానంటే, "ఏడుపులమ్ముకుని బతికేదానివి నా గడప తొక్కకు" అని గెంటేసాడు. ఆ పిల్ల గేటు పట్టుకుని ఏడుస్తుంటే టీవీ సౌండు పెంచాడు, ఏం మనిషో! రెండేళ్ళకి, భార్య ప్రసూనాంబ మంచం పట్టాక, అప్పుడు దిగొచ్చాడు. కూతుర్ని తీసుకురావడానికి నందిగామ హాస్టల్‌కి వెళ్ళాడు. అమ్మాయి లేదు — పనికెళ్ళిందన్నారు.

తిరిగొస్తుంటే సరిగ్గా ఆ హాలు దగ్గరే ప్రసూనాంబ నుంచి ఫోనొచ్చింది. స్కూటర్ పక్కకి ఆపాడు.

"సుధ వస్తోందా అండీ?"

"కనపళ్ళేదే. రేపు మళ్ళీ వెళ్తా. తీసుకొచ్చి నీ ముందు నిలబెడతాగా."

ఫోను జేబులో పెట్టాడో లేదో... చీకట్లోంచి ఓ గొంతు.

"నాన్నా..."

గాలేమోలే అనుకున్నాడు.

"నాన్నా... ముడులు విప్పు నాన్నా... ఊపిరాడట్లేదు..."

ఇంకెక్కడి మొండితనం! స్కూటరూ చెప్పులూ అక్కడే వదిలేసి, ఆంజనేయస్వామిని తల్చుకుంటూ లగెత్తాడు. ఆ గొంతు ఊరుకుందా — "నాన్నా, ఆగు!" అంటూ వెంటపడింది. వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు.

పొద్దున్నే కిషోర్‌బాబని ఒక కుర్రాడు స్కూటర్ తెచ్చి ఇంటిముందు పెట్టాడు.

"భయపడ్డారాండీ? ఆ హాలు మేం అద్దెకి తీసుకున్నాం. ఇండోనేషియా దెయ్యం సినిమాలకి తెలుగు డబ్బింగండి. పగలు సిమెంటు లారీల రొద మైకులో పడుద్దని రాత్రుళ్ళు చేస్తాం. ఉక్కగా ఉందని తలుపు తీసుంచాం. వాళ్ళకి పోచోంగ్ అని ఓ దెయ్యం ఉంది లెండి. శవాన్ని గుడ్డలో చుట్టి ముడులేస్తారు. పూడ్చేటప్పుడు అవి విప్పడం మర్చిపోతే, లేచొచ్చి విప్పమని బతిమాలుద్దంట."

ఉమాకాంతం కడుపుబ్బ నవ్వాడు. హమ్మయ్య అనిపించింది.

"ఎవరిదయ్యా ఆ గొంతు... ప్రాణాలు తోడేసిందనుకో!"

కిషోర్‌బాబు తల దించుకున్నాడు.

"మీ రాగసుధదేనండి. ఆ డైలాగవగానే తలుపులోంచి మిమ్మల్ని చూసి బయటికొచ్చింది. మీరు తనకోసమే వచ్చారనుకుని, ఆగమంటూ రోడ్డు దాకా పరిగెత్తింది పాపం... కన్నకూతురి గొంతే పోల్చుకోలేని మనిషి ఇంటికి ఎలా వెళ్ళను అని, తెల్లారకుండానే హైదరాబాదు బస్సెక్కేసింది."

లోపల మంచం మీదున్న ఇల్లాలికి ఉమాకాంతం ఇప్పుడేం చెప్తాడు, మీరే చెప్పండి!