కాలు నీది, చెయ్యి నాది

గోదావరిఖని నుంచి రామగుండం స్టేషనుకు పోయే దారిలో, స్టేషను ఇంకా మైలున్నర ఉందనగా ఒక ఎత్తు గడ్డ ఎక్కాలి. పక్కనే మూతబడ్డ పంపుహౌసు. పొద్దుగూకాక ఆ గడ్డ మీద ఏ డ్రైవరూ గేరు మార్చడు. కింద వేసిన గేరుతోనే, ఇంజను మొత్తుకున్నా సరే, పైదాకా పోతాడు. ఎందుకంటే అక్కడ గేరు గర్రుమంటే చాలు... చీకట్లోంచి ఎవరో తిడతారు.

ఎవరో ఏమిటి, కొమురెల్లి. గని మేనేజరు దొర సొంత కారును తొమ్మిదేళ్ళు నడిపినవాడు. ఒకరోజు ఆ గడ్డ మీదే కారు వెనక్కి జారి అతన్ని పంపుహౌసు గోడకేసి అదిమింది. హైదరాబాదు దవాఖానకు మోసుకుపోయారు. ఇక లేడని కబురొచ్చింది, ఊరు ఏడ్చింది, మరిచింది. ఆర్నెల్లకు ఆ గడ్డ మీద గొంతు మొదలైంది.

గనుల చుట్టుపక్కల ఏ షెడ్డు మూతబడ్డా నెల తిరిగేసరికి పైన రేకు మిగలదు. ఈ పంపుహౌసు మీద మాత్రం పన్నెండు రేకులూ అలాగే ఉండేవి. వాటి మీద చెయ్యి వేసే మొగాడు పుట్టలేదు.

ఇదంతా రాయమల్లుకు తెలుసు. తెలిసి తెలిసీ డెబ్బై ఒకటి చలికాలంలో ఒక రాత్రి, ఆ గడ్డ మీద, ఆ కారుతోనే ఇరుక్కున్నాడు.

రాయమల్లు బొగ్గు లారీ డ్రైవరు. ఎనిమిదేళ్ళ దుమ్ము ఛాతీలో చేరి రాత్రంతా దగ్గు. "జీపు డ్యూటీ దొరకవట్టుకో. లేకుంటే గీ లారీ నిన్ను మింగుతది" అని భార్య సమ్మవ్వ రోజూ పోరేది. ఇంతలో దొర కొలువు చాలించి మద్రాసు పోతున్నాడని తెలిసింది. ఆయన కారు ఆ రాత్రే గూడ్సు బండి ఎక్కాలి. "తొమ్మిదింటికల్లా కారు స్టేషన్లో ఉంటే నీ జీపు చిట్టీ మీద సంతకం చేస్తాను. లేకపోతే నీ లారీ నీకుంది" అని దొర ముందే జీపులో వెళ్ళిపోయాడు.

ఆ కారు విలాయతీ సరుకు. ఎర్ర రంగు, పైకప్పు లేదు, రెండే సీట్లు, మోకాలెత్తు తలుపులు. జనం దాన్ని ఎర్రకప్ప అనేవాళ్ళు. అందులో కూర్చుంటే రోడ్డు మీద చాప పరుచుకుని కూర్చున్నట్టే ఉంటుంది. చూడటానికి ముచ్చటే... గేరు జోలికి పోనంతవరకు.

మొదటి గేరు పడితే రెండోది పడదు. రెండోది పడితే మూడోది వద్దంటుంది. బతిమాలి మూడోది వేస్తే, మళ్ళీ కిందికి రానని మొరాయిస్తుంది. కొత్తల్లుడి అలక దీనిముందు ఏపాటి! లారీలో గేరు వేయాలంటే భుజబలం. రాయమల్లుకు తెలిసిన విద్య అదొక్కటే. అతను గుంజినకొద్దీ ఆ రాడ్డు గర్... ర్ర్... ర్ర్‌మని పళ్ళు నూరేది.

"నీ అవ్వ... ముసల్దాన! పడవే!"

పడలేదు. ఏడింటికి బయల్దేరినవాడు గడ్డ కిందికి చేరేసరికి ఎనిమిది దాటింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. కోపంతో, దగ్గుతో కళ్ళ నిండా నీళ్ళు.

గడ్డ సగం ఎక్కాక ఇంజను నీరసపడింది. మొదటి గేరుకు దిగక తప్పదు. రాయమల్లు క్లచ్ తొక్కి రాడ్డు లాగాడు.

గర్ర్ర్ర్!

ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, పంపుహౌసు వైపు నుంచి... "ప్చ్" అని చప్పుడు.

బల్లి అయ్యుంటుంది, అనుకున్నాడు. అనుకోక ఏం చేస్తాడు? మళ్ళీ ఇంజను లేపాడు. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ గుంజాడు.

గర్ర్ర్ర్!

"గుంజకు..."

స్పష్టంగా వినపడింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి బసంత్‌నగర్ సిమెంటు లారీ వచ్చింది. రాయమల్లు చెయ్యి ఊపాడు, అరిచాడు. ఆ గడ్డ మీద చెయ్యి ఊపేవాడిని చూసి ఆగే డ్రైవరెవడు? లారీ ఇంకా గట్టిగా మొత్తుకుంటూ పోయింది.

ఇటు చూస్తే దెయ్యం. అటు చూస్తే తొమ్మిది గంటల గూడ్సు. భయం కంటే ఉక్రోషమే ఎక్కువైంది రాయమల్లుకు. ఈ దిక్కుమాలిన కప్ప కోసం బతుకంతా బొగ్గు మింగాలా? స్టీరింగును గుద్దాడు. చెయ్యే నొచ్చింది.

హ్యాండు బ్రేకు అంతంతమాత్రం. బ్రేకు మీద కాలు తీస్తే కారు జారుతుంది, తియ్యకపోతే ముందుకు పోయేది లేదు. చక్రం కింద రాయి పెడితే కాలు ఖాళీ అవుతుంది కదా అని ఉపాయం తోచింది. హ్యాండు బ్రేకు బలంగా గుంజి, తలుపు తీసి, ఒక కాలు కింద పెట్టాడు.

"దిగకు!"

ఈసారి గుసగుస కాదు. కేక.

"రాయి పెట్టకు... దిగకు... లోపల కూసో!"

కారు జానెడు వెనక్కి జారింది. రాయమల్లు లోపల పడి రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాడు. చీకట్లో టక్... టక్... అని ఏదో నేలను తాకుతూ దగ్గరికొస్తోంది. ఎడమ పక్క మోకాలెత్తు తలుపు మీదుగా ఒక ఆకారం జారి, సీట్లో కూలబడింది. కారు అటువైపు కుంగింది.

గేరు రాడ్డు మీదున్న అతని చేతి మీద ఇంకో చెయ్యి పడింది. చల్లగా, గరుకుగా.

"కాలు నీది... చెయ్యి నాది."

దెయ్యం మొహం చూస్తే నెత్తురు కక్కుకుంటారని వాళ్ళవ్వ చెప్పింది. రాయమల్లు మెడ తిప్పలేదు.

"ఒక్క తొక్కుకు క్లచ్ తెరుసుకోదు దీనికి. తొక్కు... ఇడువు... మళ్ళ తొక్కు. ఆఁ, జర ఆగు. ఊపిరి తీస్కోనియ్యి."

రాడ్డు మధ్యలో ఒక్క క్షణం నిలబడింది. తర్వాత చల్లకుండలో కవ్వం దిగినట్టు చప్పుడు లేకుండా మొదటి గేరులోకి దిగింది. ఆ చెయ్యే హ్యాండు బ్రేకును మెల్లగా వదిలింది. ఎర్రకప్ప గడ్డ ఎక్కింది.

పైకి చేరాక రెండో గేరు. తొక్కు... ఇడువు... మళ్ళ తొక్కు. మూడోది. గంటన్నరగా తన్నుకుంటున్న బండి ఇప్పుడు పిల్లిలా పోతోంది. రాయమల్లు కాలు చెప్పినట్టు వింది. పక్క సీట్లోంచి సన్నగా కూనిరాగం. దెయ్యానికి సంతోషమేస్తే ఇంకెంత ప్రమాదమో అని అతనికి మరో దిగులు.

స్టేషను దీపం కనపడగానే ఒక సంగతి గుర్తొచ్చింది. దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయట. మొహం చూడకుండా కాళ్ళు చూడొచ్చు కదా! మొదటి దీపం కింద, కారు నెమ్మదించినప్పుడు, కళ్ళు మెల్లగా ఎడమ పక్కకు దించాడు...

పాదం వెనక్కి తిరిగి లేదు. తిన్నగానే ఉంది.

కానీ ఒక్కటే ఉంది.

ఎడమకాలు తొడ దగ్గరే అయిపోయింది. పక్కన చంకకర్ర.

"నువ్వు... కొమురెల్లి కాకవా?" అన్నాడు రాయమల్లు. "సచ్చిపోలే?"

"క్లచ్ కాలే పోయింది బిడ్డా. మనిషిని ఉన్న." ముసలాయన నవ్వాడు. "నేనూ నీ లెక్కనే రాయి పెట్టవోయిన. బ్రేకు జారింది."

"మరి మందిల కనవడవేంది?"

"దవాఖాన నుంచి వచ్చిన నాడే ఒకడు నన్ను జూసి, దెయ్యమని ఉరికిండు. ఇంటిది ముందే పాయె, పిల్లల్లేరు. సరే, దెయ్యాన్నే గానీ అనుకున్న. ఆ పంపుహౌసుల ఎవ్వలు రారు, పొమ్మనేటోడు లేడు." గేరు రాడ్డు మీది గుండును రెండుసార్లు నిమిరాడు. "ఇగ ఆపు. దొర కండ్ల వడొద్దు. దీన్ని ఒక్కసారి పట్టుకోవాలనుండె... పట్టుకున్న."

రాయమల్లు గేటు దాకా ఒక్కడే నడిపాడు. తొక్కు, వదులు, మళ్ళీ తొక్కు. దొర గడియారం చూసుకున్నాడు. తొమ్మిదికి ఐదు నిమిషాలు తక్కువ. "ఆశ్చర్యం. కొమురెల్లి పోయాక ఈ గేరు ఇంత మెత్తగా పడటం వినడం ఇదే మొదటిసారి" అని చిట్టీ మీద సంతకం చేశాడు. రాయమల్లుకు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ నడిచారు. పంపుహౌసు ముందు కొమురెల్లి ఆగి, పైన రేకుల వైపు చంకకర్ర చూపాడు.

"దెయ్యం లేదని చెప్పకు కొడుకా. దెయ్యం లేకపోతే నాకు ఇల్లుండది."

మర్నాడు లారీ అడ్డాలో అందరూ చుట్టుముట్టారు. "ఉన్నది" అన్నాడు రాయమల్లు. "చెయ్యి పట్టుకున్నది. మంచుగడ్డ." రెండు రోజులు కావాలనే జ్వరం తెచ్చుకున్నట్టు ముసుగు తన్ని పడుకున్నాడు.

జీపు డ్యూటీ వచ్చింది. దగ్గు తగ్గింది. ఆరేళ్ళపాటు ఆ గడ్డ మీద రాత్రిపూట గేరు మార్చే డ్రైవరు అతనొక్కడే. కావాలనే గర్రుమనిపించేవాడు. "గుంజకు, గాడ్ది కొడుకా!" అని చీకట్లోంచి తిట్టు రాగానే, నవ్వుకుంటూ గోడ మీద బియ్యం, బీడీల మూట పెట్టి పోయేవాడు.

డెబ్బై ఏడు వానాకాలంలో ఒక రాత్రి గేరు గర్రుమంది. తిట్టు రాలేదు.

లోపలికి పోయి చూసేసరికి చల్లబడి ఉన్నాడు. పాడె మోయడానికి నలుగురు కావాలి కదా. నలుగురికీ చెప్పక తప్పలేదు. వారం తిరగకముందే పన్నెండు రేకులూ పోయాయి.

ఆ తర్వాత కూడా రాయమల్లు అక్కడ గేరు గర్రుమనిపిస్తూనే ఉండేవాడు. మనిషి లేడని తెలుసు. అయినా చెవి అటే పోయేది. ఒట్టి గాలి. ఏడుపొచ్చేది.

మరుసటేడు కొత్తగా వచ్చిన ఇంజనీరును స్టేషను నుంచి తీసుకొస్తున్నాడు. ఏలూరు మనిషి, ఆ దారి అదే మొదటిసారి. అటు నుంచి దిగుతూ, పంపుహౌసు మొండిగోడల దగ్గర రాయమల్లు అలవాటుగా గేరు గర్రుమనిపించాడు.

ఇంజనీరు ఉలిక్కిపడి అటు తిరిగాడు.

"ఎవరయ్యా అక్కడ? ఆ ముసలాయన నిన్నెందుకలా తిడుతున్నాడు?"

రాయమల్లుకు ఏమీ వినపడలేదు. జీపు ఆపి, ఇంజను కట్టేసి, ఊపిరి బిగబట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత మళ్ళీ ఇంజను లేపి గేరు గుంజాడు... మళ్ళీ గుంజాడు... మళ్ళీ.