అటక కిటికీని ఫ్రేమ్‌లో పెట్టకు

అమెరికాలోని ఆష్‌బర్న్ నుంచి పడమటికి ఇరవై నిమిషాలు డ్రైవ్ చేస్తే, డేటా సెంటర్ల గోడలన్నీ అయిపోయాక ఒక పాత బార్న్ వస్తుంది. ఒకప్పుడు ఆవులుండేవి, ఇప్పుడు పెళ్ళిళ్ళు చేస్తారు. కింద మూడొందలమంది పట్టే హాలు. పైన ఒకప్పుడు గడ్డి దాచిన అటక. ఆ అటకకి హాలు వైపు ఒక చిన్న కిటికీ ఉంది.

చెడ్డపేరంతా ఆ కిటికీదే.

శని, ఆదివారాలు పెళ్ళి ఫొటోలు తీసే మనవాళ్ళ వాట్సాప్ గ్రూప్ ఒకటుంది. అందులో ఎవరు కొత్తగా చేరినా ముందు చెప్పే మాట ఇదే — "ఆ బార్న్‌లో అటక కిటికీని ఫ్రేమ్‌లో పెట్టకు." మూడేళ్ళలో మూడు పెళ్ళిళ్ళు… మూడు ఫొటోలు… మూడింట్లోనూ ఆ చీకటి కిటికీలోంచి కిందికి చూస్తూ ఒక పాలిపోయిన మొహం. మూడోది తీసిన శశికాంత్ అయితే కెమెరా బ్యాగ్ అక్కడే వదిలేసి కారెక్కాడు. మర్నాడు బ్యాగ్ కోసం వెళ్తే మేనేజర్ తాపీగా అన్నాడట — ఇక్కడ అందరి పెళ్ళిళ్ళూ అవుతాయి కానీ, ఆవిడ మాత్రం మీ వాళ్ళ పెళ్ళిళ్ళకే వస్తుంది, అని.

హాసిని ఇవన్నీ విని నవ్వేసింది. "వస్తే రానీ. తనూ గెస్టే కదా, తీస్తాను" అంది. ఆమె తీసేది కాండిడ్ మాత్రమే. వేదిక మీద వరసగా నిలబెట్టి నవ్వించే పని శశికాంత్‌ది. హాసిని ఎవరినీ నిలబెట్టదు, ఎవరినీ జరపదు, ఇటు చూడమనదు. ఉన్నది ఉన్నట్టు తీస్తుంది. అదొక్కటే ఆమె రూలు.

ఆ శనివారం పెళ్ళికూతురు నిధి. ఇక్కడే పుట్టిన పిల్ల. పెళ్ళికొడుకు వైపువాళ్ళు పట్టుబట్టి రాత్రి తొమ్మిది యాభై రెండుకి ముహూర్తం పెట్టించారు. మేకప్ కుర్చీలో కూర్చుని నిధి హాసిని చెయ్యి పట్టుకుంది.

"హాసినీ అక్కా, వన్ థింగ్. అమ్మ ఎప్పుడూ ఫొటోలో ఉండదు. డాడ్ పోయాక అసలే లేదు. నాతో ఒక్కటి తియ్యి, ప్లీజ్. తనకి తెలీకుండా. అది ఒక్కటి వస్తే నాకు మిగతావి రాకపోయినా ఓకే."

ఓస్, ఇంతేనా అనుకుంది హాసిని. ఆరింటి నుంచి ఆవిడ కోసం హాలంతా తిరిగింది. జ్ఞానప్రసూన ఆంటీ ఎక్కడ అని అడిగితే ఒకరు వంటల దగ్గర అన్నారు. వంటల దగ్గర లేదు. ఇంకొకరు కార్‌లో ఏదో తేవడానికి వెళ్ళిందన్నారు. పార్కింగ్‌లోనూ లేదు. చెప్పినవాళ్ళెవరూ హాసిని మొహం చూసి చెప్పలేదు. అది ఆమెకి తర్వాత గుర్తొచ్చింది.

తొమ్మిదిన్నర అయింది. మేనమామలు నిధిని గంపలో మోసుకొస్తున్నారు. హాసిని దూరంగా ఒక స్తంభానికి ఆనుకుని పెద్ద లెన్స్‌తో వరసగా క్లిక్ చేసింది. అలవాటు చొప్పున స్క్రీన్ మీద ఒకసారి చూసుకుంది.

గంప వెనకాల… పైన… కిటికీలో మొహం.

జూమ్ చేసింది. రెండు కళ్ళు తిన్నగా పెళ్ళికూతురినే చూస్తున్నాయి. హాసినికి ఒళ్ళు జలదరించింది. తలెత్తి చూస్తే కిటికీ ఖాళీ.

నేనైతే బ్యాగ్ కూడా తీసుకోకుండా పరిగెత్తేదాన్ని. హాసిని మొండి ఘటం. ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చిందట. వంటగది వెనక ఉన్న చెక్క మెట్ల దగ్గరికి వెళ్ళి, అడ్డంగా కట్టిన గొలుసు దాటి, ఫోన్ లైట్ వేసుకుని ఎక్కింది.

ఒక మెట్టు… రెండు… కిందనుంచి సన్నాయి… మూడు… పైన చెక్క కిర్రుమంది. నాలుగో మెట్టు మీద ఉండగా పై చెక్కల సందులోంచి ఏదో రాలి చేతి మీద పడింది.

బియ్యపు గింజ. పసుపు రాసినది.

"లైట్ ఆపమ్మా…" పైనుంచి గుసగుస. "కిందవాళ్ళకి కనిపిస్తుంది…"

హాసిని లైట్ ఆపలేదు. ఇంకా పైకెత్తింది.

పాత కుర్చీల మధ్య ఒక అట్టపెట్టె మీద కూర్చుని ఉంది ఒకావిడ. మీగడ రంగు పట్టుచీర. పక్కన ముట్టుకోని లడ్డూ ప్లేటు. గుప్పెట బిగించిన కుడిచెయ్యి. నిధి ముక్కే, నిధి గడ్డమే.

"ఆంటీ… మీరేంటి ఇక్కడ?"

"బావగారే చెప్పారమ్మా. తిట్టలేదు, ఏమీ అనలేదు. ముహూర్తం అయ్యేదాకా పైన కూర్చో ప్రసూనా, పెళ్ళికొడుకు వాళ్ళకి పట్టింపులెక్కువ అన్నారు. నిధికి నువ్వు చెప్పకమ్మా, గొడవ చేస్తుంది." గుప్పెట చూపించింది. "కిటికీలోంచి అక్షింతలు వేద్దామని… అంతదూరం పడతాయో లేదో."

హాసినికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మరుక్షణం ఇంకోటి తట్టింది. గ్రూప్ తెరిచి ఆ పాత ఫొటోలు జూమ్ చేసింది. ఇన్నాళ్ళూ అందరూ చూసి భయపడ్డారు కానీ, సరిగ్గా చూసినవాళ్ళు లేరు. శశికాంత్ తీసినదాంట్లో నెరిసిన జుట్టు. ఒకటి కళ్ళజోడు. ఒకటి ముప్పై కూడా దాటని అమ్మాయి. ముగ్గురూ పట్టుచీరల్లో ఉన్నారు.

జ్ఞానప్రసూన తొంగిచూసింది. "ఈ కళ్ళజోడావిడ రోజూ గుళ్ళో కనిపిస్తారు కదా. వాళ్ళాయన పోయాక వాళ్ళబ్బాయి పెళ్ళి ఇక్కడే చేశారు."

హాసిని కెమెరా మెడలో వేసుకుంది. రూలు పక్కన పెట్టింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక మనిషిని చెయ్యిపట్టి జరిపింది. "పదండి ఆంటీ."

మెట్ల కింద నిధి పెదనాన్న వీరభద్రరావు నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్," అన్నాడు నెమ్మదిగా, "ఇందాక నువ్వు జూమ్ చేసి చూసిన ఆ కిటికీ ఫొటో డిలీట్ చేసెయ్. ఆ అటకలో దెయ్యం ఉందని అందరికీ తెలుసు. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే…"

"దెయ్యం కాదంకుల్. పెళ్ళికూతురి అమ్మ."

హాసిని గుసగుసగా అనలేదు. మామూలుగా, వేదిక దాకా వినపడేలా అంది.

"మన కమ్యూనిటీలో నీకింకో పెళ్ళి రాదు, చూసుకో."

"అయితే ఇదే ఆఖరిది. బాగా తీస్తాను."

తెర వెనక నిధి లేచి నిలబడింది. "అమ్మ కిచెన్‌లో ఉంది అన్నారు కదా, పెదనాన్నా?" మెట్ల వైపు చూసింది. "అమ్మ వస్తేనే నేను కూర్చుంటా. లేకపోతే లేదు."

సన్నాయి ఆగింది. పెళ్ళికొడుకు తల్లి ఏదో అనబోతే, కొడుకు ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి వద్దన్నాడు. పురోహితుడు గడియారం చూసుకుని, ఇంకా ఆరు నిమిషాలుందన్నాడు. ఒక పీట తీసి నిధి పక్కకి జరిపాడు.

జీలకర్ర బెల్లం పెట్టారు, తెర దిగింది. అందరూ అక్షింతలు చల్లారు. జ్ఞానప్రసూన గుప్పెట విప్పితే ఈసారి ఒక్క గింజా రాలలేదు. మూడు గంటలు బిగించిన చెయ్యి, చెమటకి బియ్యమంతా అరచేతికి అంటుకుపోయింది. రెండో చేత్తో ఒక్కో గింజే ఒలిచి కూతురి తల మీద వేస్తోంది. నిధి తల వంచి నవ్వుతూ ఏడుస్తోంది. హాసిని అది తీసింది.

ఆ రాత్రే ఆ ఫొటోనీ, పెద్దవి చేసిన పాత మూడు మొహాల్నీ గ్రూప్‌లో పెట్టింది. కింద ఒకటే ముక్క — అటకలో ఆవిడ దిగివచ్చింది. ముందుగా శశికాంత్ రాశాడు: "అయితే నేను ఒక పెద్దావిడకి నమస్కారమైనా పెట్టకుండా పారిపోయానన్నమాట."

మూడు వారాల తర్వాత హాసినికి ఒక ఫోన్ వచ్చింది. ఎవరో పెద్దింటావిడ, మంచి మర్యాదగా మాట్లాడింది. డిసెంబరులో అబ్బాయి పెళ్ళి, అదే బార్న్ బుక్ చేశారట, కాండిడ్ హాసినే తియ్యాలట. డేటూ టైమూ అన్నీ అయ్యాక, ఆవిడ గొంతు తగ్గించింది.

"ఇంకోటండీ… ఆ పైన అటక ఉందటగా… తాళం మనకే ఇస్తారా?"

కిటికీలో మొహం చూసినప్పటికన్నా ఎక్కువ చలి పుట్టింది హాసినికి. పెన్ను తీసుకుంది.

"ఇస్తారండీ. అక్కడ ఎవరిని కూర్చోబెడదామనుకుంటున్నారో పేరు చెప్పండి. మొదటి ఫొటో వాళ్ళదే తీస్తాను."