డబ్బాలో అరవై రోజులు

పొద్దున్నే కోళ్లకు మేత చల్లి లుంబిజాని వంటింట్లోకి వచ్చింది. అటక మీది టీ పొడి డబ్బా దించి మూత తీసింది. అందులో టీ పొడి లేదు. ఎండిన మొక్కజొన్న గింజలున్నాయి. బల్ల మీద పోసి, పదేసి చొప్పున పేర్చింది. అరవై. నిన్నా అరవయ్యే. మార్చి చివరి నుంచీ అరవయ్యే.

ఒక్కో గింజ ఒక్కో రోజు. కూతురు వాజా సరిహద్దు అవతల ఫ్రాన్సిస్‌టౌన్‌లో కాపురముంటోంది. బోట్స్వానాకి వెళ్లాలంటే జింబాబ్వే వాళ్లకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు చూపిస్తే సరిహద్దు గేటు దగ్గర ముద్ర వేస్తారు. కాని ఏడాది మొత్తం మీద అక్కడ ఉండనిచ్చేది తొంభై రోజులే. భర్త తపేలా డిసెంబరులో పోయాడు. ఫిబ్రవరి చివర్లో వాజా వచ్చి తల్లిని తీసుకెళ్లింది. అప్పుడు ముప్పై రోజులు ఖర్చయ్యాయి.

నవంబరు మధ్యలో వాజాకు నెలలు నిండుతాయి. పురుడయ్యాక మూడు నెలలు బాలింత గడప దాటదు. కన్నతల్లి దగ్గరుండాలి. నవంబరు రెండున గేటు దాటితే ఏడాది చివరికి సరిగ్గా అరవై. జనవరి ఒకటిన మళ్లీ ముద్ర వేయించుకుంటే కొత్త తొంభై.

ఈ లెక్క ఆమె ఎవరికీ చెప్పలేదు. బిడ్డ కడుపులో ఉండగా బిడ్డ కోసం ఏర్పాట్లు చేయకూడదు, ఆ మాట పైకి అనకూడదు. మూడేళ్ల క్రితం వాజా కడుపుతో ఉన్నప్పుడు లుంబిజాని అది పట్టించుకోక ఒక ఉన్ని టోపీ అల్లింది. ఆ టోపీ ఎవరి తలకూ ఎక్కలేదు.

గింజలు డబ్బాలో పోసి జావ కలపడానికి కూర్చుంది. భర్త పోయి పది నెలలైనా చెయ్యి రెండు గరిటెల జొన్నపిండి తీస్తూనే ఉంది. ఒకటి వెనక్కి పోసింది.

"వాజా వాళ్లమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావా?" పక్కింటి సినికివే కంచె మీంచి పలకరించింది. "కూతుర్ని చూడ్డానికి ఎప్పుడు పోతావు? వాగు దగ్గర కంచె కింద దూరితే సరి. మా మేకలు రోజూ వెళ్లొస్తాయి. వాటికెవరైనా ముద్ర వేస్తున్నారా?"

"మేక దొరికితే వెనక్కి తోలేస్తారు. నేను దొరికితే మళ్లీ ఎప్పటికీ రానివ్వరు."

"నీకు భయమెక్కువ."

"ఎక్కువే," అంది లుంబిజాని.

ఎండ ముదిరేసరికి ఇంటి ముందు కారు ఆగింది. వాజా దిగింది. ఒక చేత్తో నడుం పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చింది.

"ఈ స్థితిలో ప్రయాణమేంటే? అల్లుడు ఎలా పంపాడు?"

"ఆయన వద్దనే అన్నాడు. నువ్వు రావుగా, అందుకే నేను వచ్చా."

"కూర్చో. నీళ్లు తాగు."

"కూర్చోను. ఈస్టర్‌కి రమ్మంటే కోళ్లన్నావు. నా పుట్టినరోజుకి రమ్మంటే మోకాలన్నావు. జూలైలో కారు పంపిస్తామంటే వేరుశనగ కాయలు ఒలవాలన్నావు. కోళ్లకంటే తీసిపోయానా అమ్మా?"

లుంబిజాని గ్లాసు ముందుకు జరిపింది. వాజా ముట్టుకోలేదు.

"నువ్వు మా ఇంటి నుంచి వెళ్లిపోయిన రోజు మర్చిపోలేకపోతున్నా. టీ వాసన పడక వాకిట్లో వాంతి చేసుకుంటున్నాను. నీళ్లు తెచ్చిచ్చావు, వీపు నిమిరావు. లోపలికెళ్లి సంచి సర్దుకున్నావు. మధ్యాహ్నానికి బస్సెక్కేశావు. నాన్నకి చాకిరీ చేసి చేసి విసిగిపోయింది, ఇంకో రోగిష్టిని చూసే ఓపిక లేదు అనుకున్నా. నాన్న పోయి మూడు నెలలు తిరిగాయో లేదో, నన్నూ వదిలేశావు."

లుంబిజాని లేచి డబ్బా తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"ఇవేంటి?"

"రోజులు. అవతల నాకు మిగిలినవి."

వాజా గింజలు అరచేతిలో పోసుకుంది. పెదవులు కదులుతుండగా లెక్కపెట్టింది. గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. నవంబరు రెండు చుట్టూ పెన్సిలుతో సన్నని గీత ఉంది.

"ఆ పొద్దున వెళ్లింది... ఇందుకా?"

తల్లి తలూపింది.

"ఆ రోజుకి నాకే తెలీదు కదమ్మా!"

"నాకు తెలిసింది."

వాజా గింజలు మళ్లీ డబ్బాలో పోసింది.

"చెప్పొచ్చు కదా," అంది వాజా, ఆ మాట అంటూనే ఆగిపోయింది. ఉన్ని టోపీ సంగతి ఆమెకూ తెలుసు. తల్లి భుజం మీద తల ఆనించి ఏడ్చింది. లుంబిజాని ఆ పొద్దుటిలాగే వీపు నిమిరింది.

"ఇప్పుడు నాతో వచ్చేయ్."

"ఇవాళ అక్టోబరు ఇరవై ఒకటి. ఇంకా పన్నెండు రోజులు ఆగాలి."

వాజా కళ్లు తుడుచుకుంది. "నేను పుట్టిన ఊళ్లో ఉండటానికి నాకెవరూ గింజలు లెక్కపెట్టరుగా? ఆస్పత్రికి మళ్లీ నాలుగో తారీకున వెళ్లాలి. అప్పటిదాకా ఇక్కడే ఉంటా. పస్తు పెట్టకు."

లుంబిజాని పిండి డబ్బా తీసింది. రెండు గరిటెలు వేసింది. ఈసారి వెనక్కి పోయలేదు.

నవంబరు రెండున ఇద్దరూ సరిహద్దు గేటు దగ్గర వరుసలో నిలబడ్డారు. అద్దం వెనక కుర్రాడు పాస్‌పోర్టు తిరగేశాడు.

"ఎన్ని రోజులుంటారు పెద్దమ్మా?"

"అరవై."

"మిగిలినవన్నీ ఒకేసారా? ఏం పని మీద?"

లుంబిజాని వెనక్కి తిరిగి కూతుర్ని చూసింది. తర్వాత మెల్లగా అంది, "అమ్మాయి దగ్గర ఉండటానికి."

అతను తల పైకెత్తాడు. ఆమె వెనక రెండు చేతులతో నడుం పట్టుకుని నిలబడ్డ వాజాని చూశాడు. వెంటనే చూపు దించుకున్నాడు. అతనూ ఆ మాట పైకి అనలేదు. ముద్ర వేసి పాస్‌పోర్టు రెండు చేతులతో అందించాడు.

అవతలి వైపు చెట్టు నీడలో కారు కోసం ఆగారు. లుంబిజాని సంచిలోంచి డబ్బా తీసి, ఒక గింజ పిచ్చుకల కోసం నేల మీద వదిలింది.

"యాభై తొమ్మిది," అంది వాజా.

తల్లి డబ్బా మూత బిగించింది.

"ఇంక లెక్కపెట్టకు," అంది.