మెట్ల దీపం ఆరిపోయాక

తలుపు తియ్యకే చిన్నమ్మా, వచ్చింది గాలే...
పడవా తేలేదు, బియ్యం తేలేదు, ఒట్టి గాలే...

ఆ తర్వాత ఇంకో వరుస ఉంది. ఆఫ్రికాకి పడమట సముద్రంలో ఉన్న కేప్ వెర్దే దీవుల్లో పుట్టి పెరిగిన జుల్మీరాకి అది ఎంతకీ జ్ఞాపకం వచ్చేది కాదు. చిన్నప్పుడు వాళ్లమ్మ జోకొడుతూ పాడేది. మూడో వరుస వచ్చేసరికి పిల్లకి నిద్ర పట్టేసేది.

లిస్బన్‌లో అల్ఫామా పాతపేట. అందులో ఒక మెట్ల సందు, సందు చివర గోడల పింగాణీ పలకలు సగం రాలిపోయిన నాలుగంతస్తుల ఇల్లు. ఆ ఇంటికి మంచి పేరు లేదు. ఎవరూ లేని ఇంట్లో మెట్ల దీపం దానంతట అదే వెలుగుతుందనీ, పైనుంచి టక్... టక్... అని చప్పుడొస్తుందనీ, కొనడానికి వచ్చినవాళ్లు రెండోసారి అటు రారనీ చెప్పుకునేవారు. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను. ఇప్పుడు చెప్పినా ఎవరికీ నష్టం లేదు.

జుల్మీరా ఆ సందులోకి వచ్చింది ఒక డిసెంబరు సాయంత్రం. రోటర్‌డామ్‌లో ఆమె కూతురికి నెలలు నిండాయి, తొలికాన్పు. నువ్వు పక్కన లేకపోతే నాకు భయమమ్మా అని ఫోన్లో ఏడ్చింది. దీవి నుంచి వచ్చిన విమానం పొద్దున్నే లిస్బన్‌లో దించేసింది. రోటర్‌డామ్ వెళ్లేది రాత్రికి. అది తప్పితే క్రిస్మస్ దాటేదాకా సీటు లేదు. అంతసేపు విమానాశ్రయం కుర్చీలో కూర్చుంటే నడుం పట్టేస్తుందని, కాస్త ఊరు చూసొద్దామని మెట్రో ఎక్కింది.

సందు మొదట్లో ఫెలిష్మినా అనే ముసలామె గుమ్మంలో పీటేసుకుని చెర్రీ సారా అమ్ముతోంది. జుల్మీరాకి ఓ చిన్న గ్లాసు పోసి, ఊరూ పేరూ, కూతురి కాన్పూ అన్నీ అడిగి తెలుసుకుంది. చివరింటి మాట వచ్చేసరికి గొంతు తగ్గించింది.

"అటు మాత్రం వెళ్లకు తల్లీ. పైన... ఉంది."

"మా దీవుల్లో కరువుకి దెయ్యాలు కూడా బక్కచిక్కిపోయాయక్కా. మీవి తిని బలిసినట్టున్నాయి" అని నవ్వేసి జుల్మీరా ముందుకు నడిచింది.

ఇంతలో చీకటి పడింది. వాన అందుకుంది. సందు చివరికి పరుగెత్తి చూస్తే ఆ ఇంటి వీధి తలుపు ఓరగా తెరిచి ఉంది — ఇల్లు చూడ్డానికి వచ్చిన వాళ్లెవరో ఇటుక అడ్డం పెట్టి, తియ్యడం మరిచిపోయినట్టున్నారు.

"లోపలికి రావచ్చాండీ?" అని గుమ్మంలోంచే అడిగింది. పలుకు లేదు. లోపలికి వచ్చి, ఎవరిల్లో ఏమో జల్లు పడి పాడైపోతుందని, ఇటుక జరిపి తలుపు దగ్గరగా వేసింది. ఆమె ఊళ్లో తలుపులు వాటంతట అవి గడియపడవు.

ఇక్కడిది... పడింది.

లోపల పిడి లేదు. తాళం కన్నం ఉందంతే. గోడంతా తడిమి మీట నొక్కితే దీపం వెలిగింది, కాసేపు టిక్ టిక్ మని... ఆరిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఆరిపోయింది.

అరచేతులు మండేదాకా తలుపు బాదింది. బయట ఎవరివో అడుగులు ఆగాయి.

"విన్నావా... అదే" అన్నారెవరో. అడుగులు పరుగందుకున్నాయి.

తీయండి బాబూ, నేను మనిషినే అని ఎంత అరిస్తే వాళ్లు అంత దూరం పోయారు. విమానం ఆమె కోసం ఆగదు. కూతురికి నొప్పులు మొదలైతే — చెయ్యి చాస్తే — పట్టుకోవడానికి ఎవరున్నారు?

అప్పుడు — పైనుంచి —

టక్.

టక్... టక్...

మెట్ల దీపం వెలిగింది. ఈసారి మీట ఆమె నొక్కలేదు.

వెలిగినట్టే వెలిగి... ఆరిపోయింది. జుల్మీరా తలుపుకి వీపానించి కూలబడిపోయింది. దేవుడి పేరు నోటికి రాలేదు. వాళ్లమ్మ పాట వచ్చింది. పళ్లు టకటకలాడుతుంటే సన్నగా పాడుకుంది... వచ్చింది గాలే... ఒట్టి గాలే... అక్కడికొచ్చి ఆగిపోయింది, ఎప్పటిలాగే.

పై చీకట్లోంచి మూడో వరుస దిగివచ్చింది.

"తీస్తే తియ్యవే చిన్నమ్మా... పాపం, ఒంటరి గాలే..."

అమ్మ గొంతు కాదు. కానీ అమ్మ భాష.

"ఏ దీవి పిల్లవే నువ్వు?" అంది ఆ గొంతు. "ఇల్లు కొనడానికొచ్చావనుకున్నా. పైకి రా, నా మోకాళ్లు దిగనివ్వవు."

దీపం మళ్లీ వెలిగింది. గోడ పట్టుకుని జుల్మీరా పైదాకా ఎక్కింది. గుమ్మంలో, అక్కడి దీపం మీట మీద వేలుంచి, చేతికర్రతో ఒక ముసలమ్మ, ఉన్ని శాలువా కప్పుకుని. పేరు ఇదలీనా. పన్నెండేళ్ల పిల్లగా దీవి నుంచి పనికి వచ్చి, ఈ ఇంట్లోనే ముసలిదైపోయింది. ఇంటాయన అద్దెకున్నవాళ్లందర్నీ ఒక్కొక్కరిగా వెళ్లగొట్టాడు. ఈమె కూడా వెళ్లిపోయిందనే అందరూ అనుకున్నారు గానీ, ఈమె కదల్లేదు. మోకాళ్లు పోయాక కదలాలన్నా కదల్లేకపోయింది. చీకటి పడ్డాక కిటికీలోంచి తాడుతో బుట్ట దించితే అందులో రొట్టె పడుతుంది. వేసేది ఫెలిష్మినా. దెయ్యం కథ అల్లిందీ ఫెలిష్మినాయే.

"మనిషినైతే ఖాళీ చేయిస్తారే" అంది ఇదలీనా. "దెయ్యాన్ని ఎవరు ఖాళీ చేయిస్తారు?"

పట్టుకుని దింపుతాను, కాసేపు సందులో గాలి పీల్చుకుందువుగాని అంది జుల్మీరా. ఇదలీనా మెట్లవైపు చూసింది. తల అడ్డంగా ఊపి, శాలువా అంచున ముడేసిన తాళంచెవి విప్పి జుల్మీరా చేతిలో పెట్టింది. పెడుతూ చెవిలో ఒక మాట చెప్పింది.

జుల్మీరా దిగి, తలుపు తీసుకుని బయటపడి, మళ్లీ బయటి నుంచి తాళం వేసి, వానలో వేలాడుతున్న బుట్టలో చెవి పడేసింది. బుట్ట ఊగుతూ పైకి పోయింది. పరుగెడితే విమానం అందుతుంది.

సందు మొదట్లో గొడుగు పట్టుకుని ఒక కోటు మనిషి నిలబడి ఉన్నాడు, ఇల్లు కొనడానికి వచ్చినవాడిలా చేతిలో ఆ ఇంటి కాగితాలు. అతని వెనక ఫెలిష్మినా, ఊపిరి బిగబట్టి జుల్మీరా మొహంలోకే చూస్తోంది. ఆ ఇంట్లోంచేనా వస్తున్నారు, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగాడతను.

ఇదలీనా చెప్పిన ఆఖరి మాట ఇంకా చెవిలో వెచ్చగానే ఉంది.

"ఎవరడిగినా దెయ్యాన్ని చూశానని చెప్పు బిడ్డా... కాస్త వణుకుతూ చెప్పు."