పార్కు గోడ మీది నది

ఆగస్టు పన్నెండు. ఉదయం ఆరూ పది.

గద్వాల పార్కు గోడ మీద నిన్నటిదాకా ఉన్న నది లేదు.

అరవై అడుగుల బొమ్మ. ఎర్రమన్ను, సుద్ద, బొగ్గు కలిపి మూడేళ్ల కింద జమ్ములమ్మ వేసింది. కృష్ణలో చేపలు, ఒడ్డున నీటికుక్కలు, కొంగలు. ఇప్పుడన్నీ ఫుట్‌పాత్ మీద పెచ్చులై పడి ఉన్నాయి. మిగిలింది ఒక్కటే. కుడి మూలన, సంతకానికి బదులు ఆమె వేసిన అరచేతి ముద్ర.

ఎస్సై మాలతి ఒక పెచ్చును తీసి కవర్లో వేసింది.

"ఇంకెవరు మేడం, ఆ ఫ్లెక్సీల సురేషే!" ఫిర్యాదు ఇచ్చిన మాసయ్య అన్నాడు. అతను జమ్ములమ్మ భర్త. హైదరాబాద్‌లో పని చేసి మేలో ఇంటికొచ్చాడు. "గోడ నాకియ్యుండ్రి, బోర్డులు పెట్టుకుంటనని ఏడాది సంది తిరుగుతుండు. మమ్మల్ని ఎక్కిరియ్యనీకే చెయ్యి ముద్ర ఒక్కటి ఇడిసిపెట్టిండు."

మార్చిలో జమ్ములమ్మకు పక్షవాతం వచ్చింది. ఆ ముద్ర వేసిన చెయ్యే పడిపోయింది.

తొమ్మిదిన్నరకు సురేష్ స్టేషన్‌లో ఉన్నాడు.

"గోడ అడిగినవా?"

"అడిగిన."

"బొమ్మ గీకినవా?"

"లేదు మేడం."

"రాత్రి ఎక్కడున్నవ్?"

"కర్నూల్ దవాఖానల. మా నాయనకు ఆపరేషన్. ఫోన్ చేసి అడుగుండ్రి."

మాలతి అడిగింది. నిజమే.

మళ్లీ గోడ దగ్గరికి వెళ్లింది. గీకితే గీతలుండాలి. ఒక్కటీ లేదు. కవర్లోని పెచ్చును వెలుతురుకు పట్టి చూసింది. ఒక వైపు మన్ను. ఇంకో వైపు అద్దంలాంటి మెరుపు. ఆ మెరుపులో బ్రష్ వెంట్రుక ఒకటి ఇరుక్కుని ఉంది.

గోడ వెనక్కి వెళ్లింది. వారం రోజుల ముసురు. మొక్కల పాదుల్లో నీళ్లు గోడను ఆనుకుని నిలిచి ఉన్నాయి.

సాయంత్రం నాలుగింటికి అందరినీ అక్కడికే పిలిచింది. సురేష్ వచ్చాడు. మాసయ్య భార్యను ఆటోలో తెచ్చి గోడ ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు.

మాలతి తడి వేలును చేతిముద్ర అంచున ఆనించింది. తడి ఇంకిపోయింది. పక్కన గోడ మీద నీళ్లు చల్లింది. చుక్క నిలవకుండా జారిపోయాయి.

"ఎవరూ గీకలేదు. బొమ్మ మీద ఎవరో వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేశారు. వెనక నుంచి గోడకు పట్టిన తడికి బయటికొచ్చే తొవ్వ లేదు. కోటింగ్‌ను నెట్టేసింది. దానితోపాటే మన్నూ ఊడొచ్చింది. చేతిముద్ర మీద కోటింగ్ లేదు. అందుకే నిలిచింది."

సురేష్ ఊపిరి పీల్చుకున్నాడు.

"పగ ఉన్నోడైతే ముందు ఆ చెయ్యినే చెరిపేటోడు. దాని మీద బ్రష్ పెట్టనీకి మనసొప్పనోడు ఎవరు?" మాలతి గొంతు తగ్గింది. "మాసయ్యా, హైదరాబాద్‌ల అపార్ట్‌మెంట్లకు రంగులేసేటోనివి గదా. మే నెలల ఇంటికొచ్చినప్పుడు ఏం తెచ్చినవ్?"

మాసయ్య గోడను చూశాడు. కింద పెచ్చులను చూశాడు.

"రెండు డబ్బాలు మేడం. గోడ లోపలికి ఇంకేటిది ఒకటి, పైన మెరిసేటిది ఒకటి." పెచ్చుల పక్కన కూర్చున్నాడు. "ఏటా వానకు జర కరిగేది. దసరాకు మల్ల దిద్దేది. ఈసారి ఆమెకు చెయ్యి లేదు. ఉన్నదన్నా ఉండనీ అనుకున్న. పదేండ్లు చెక్కు చెదరదన్నడు షాపాయన... గా చెయ్యి మీద బ్రష్ ఎట్ల పెడ్త?"

మాసయ్య రెండు చేతులూ మాలతి ముందు చాపాడు.

"నా మీద కేసు రాయుండ్రి."

"రాయనీకి సెక్షన్ లేదు మాసయ్యా."

జమ్ములమ్మ మూతి ఒక పక్కకు లాగింది. మాట ముద్దగా వచ్చింది. "మన్ను... తే."

మాసయ్య లేచాడు. పాదులోంచి ఎర్రమన్ను తవ్వి, తడిపి తెచ్చాడు. ఆమె కుర్చీలోంచి వంగి, ఎడమచేత్తో గోడకు పూసింది.

జారి పడింది.

ఇంకో పిడికెడు అడిగింది. అదీ జారింది. గోడ లోపలికి ఇంకిన మొదటి డబ్బా మందు అక్కడే ఉంది. ఆ గోడకు ఇక మన్ను పట్టదని మాలతికి అర్థమైంది. అయినా నీళ్ల సీసాను మాసయ్యకు అందించింది.

మాసయ్య మూడో పిడికెడు తడుపుతున్నాడు.