చేప నోరు చూపిన గుహ

ఎర్రచందనం చెట్ల మధ్య, నాచు పట్టిన బండ మీద చెక్కిన చేప కనబడగానే ఓబులేసు ఠక్కున ఆగిపోయాడు. శేషాచలం కొండల్లో వాళ్ళు నడుస్తున్న చుట్టుదారి చిన్నదే. అటవీశాఖ గేటు దగ్గర బయలుదేరి మళ్ళీ గేటుకే చేరుతుంది. పులిహోర పొట్లం చల్లారేలోపు తిరిగొచ్చేద్దామని కొత్త పెళ్ళాం సుభాషిణిని ఊరించి తీసుకొచ్చింది అతడే. పూర్వం ఓ పాలెగాడు పారిపోతూ ఈ కొండల్లో నగలు దాచి, గుర్తుగా చేపను చెక్కించాడని అవ్వ చెప్పిన కథ ఇప్పుడు అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. చేప నోరు పొదల వెనకున్న గుహకేసి తిరిగి ఉంది.

భార్యను బయట కాపలా ఉంచి, టార్చి పట్టుకుని అతడు లోపలికి పాకాడు.

మొదట సుభాషిణికి అంతా ముచ్చటగానే ఉంది. మొసలి చర్మంలా పగుళ్ళు తేలిన బెరడును నిమిరింది. ఆకుల మీద మెరుస్తున్న ఒక బుల్లి పురుగుతో కబుర్లు కూడా చెప్పింది. కాసేపటికి పిట్టల కూతలు ఆగాయి. గాలి నిలిచిపోయింది. ఏనాడూ ఎవరికోసమూ ఎదురుచూడని ఆ ముసలి చెట్ల నడుమ, ఒక్క మనిషి కనుమరుగైతే తానెంత ఒంటరిదో ఆమెకు తెలిసొచ్చింది. భర్తను పిలిచింది. గుహ పలకలేదు.

అంతలో వాన విరుచుకుపడింది. కొండ మీంచి ఎర్రనీళ్ళు జరజరా దిగి గుహలోకి మళ్ళాయి. సుభాషిణి చీర ఎగదోపి, ఫోను వెలుగులో మోకాళ్ళ మీద లోపలికి దూరింది. రాళ్ళు మోచేతులను గీరాయి. గబ్బిలాలు తల మీదుగా రివ్వున లేచాయి.

ఓబులేసు బోర్లా పడుకుని ఉన్నాడు. నేలరాతిలో చెంబు మూతంత ఇరుకు తొర్రలో అతని కుడిచెయ్యి మణికట్టు దగ్గర బిగుసుకుపోయింది. నీళ్ళు అప్పటికే గడ్డాన్ని తాకుతున్నాయి. కడియం దొరికిందనీ, పిడికిలి మూస్తే చెయ్యి పైకి రావడం లేదనీ చెప్పాడు.

"వదిలేయండి."

"వదల్ను. పెండ్లిలో బిందెలో ఉంగరం మూడుసార్లూ నీకే దొరికింది గదా. మీ అన్నలు ఇప్పటికీ నన్ను ఎగతాళి చేస్తాండారు."

ఆమెకు నవ్వు రాలేదు. ఈ అడవిలోంచి తానొక్కతే గేటుకు నడిచిపోవడం కళ్ళకు కట్టింది. నీళ్ళలో అతని పక్కనే బోర్లా పడి, మణికట్టు పక్క సందులోంచి తన సన్నటి చెయ్యి జొనిపింది. చల్లటి పిడికిలి తగిలింది. దాని మీద వేళ్ళు ఆనించి, అలాగే ఉండిపోయింది.

మెల్లగా పిడికిలి విడింది. కడియం అందనంత లోతుకు జారిపోయింది.

నీటికి ఎదురు పాకుతూ, ఒకరినొకరు లాక్కుంటూ బయటపడి వెనక్కి చూసేసరికి గుహ నోరు నురగలు కక్కుతోంది. తడిసి ముద్దై ఇద్దరూ మిగిలిన దారి పట్టారు. వీళ్ళు బతికినా చచ్చినా తమకేమీ పట్టనట్టు చెట్లు నిలబడే ఉన్నాయి.

"మీ అన్నోళ్ళకు ఏం చెప్పల్ల?" అడిగాడు ఓబులేసు.

సుభాషిణి అతని చెయ్యి పైకెత్తి చూసింది. రాయి ఒరుసుకుని మణికట్టు చుట్టూ ఎర్రటి వాత గుండ్రంగా తేలింది.

"కడియం మీ చేతికే పడిందని చెప్తా," అంది.

గేటు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.